సోలో మౌంటెన్ బైక్ పోటీ: నిమిషాలు పోయేదెక్కడ?

క్లుప్తంగా

గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ మౌంటెన్ బైక్ పోటీల సోలో విభాగంలో గెలుపోటములను కాళ్ళ బలం కంటే ఎక్కువగా తేల్చేవి ఆగిన నిమిషాలు, కడుపు, నిద్ర, పంక్చర్లు. రోడ్డు మీద వందల కిలోమీటర్లు తొక్కిన అనుభవం మట్టిబాటలో సగమే అక్కరకొస్తుంది. నల్లగొండ, పాలమూరు నేల ఈ ఆటకు చక్కగా సరిపోతుంది. అయితే ఇక్కడి ఎండ, ముళ్ళు, అడవి నిబంధనలు పోటీ ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయించేస్తాయి.

చలికాలం ఆదివారాల్లో రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ దిక్కు మొరం బాటల మీద లావు టైర్ల సైకిళ్ళు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. వాటిని తొక్కేవాళ్ళలో చాలామంది జాతీయ రహదారి 65 మీదో, 44 మీదో బీఆర్ఎంలు పూర్తిచేసినవాళ్ళు. అంటే 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300ను ఇరవై గంటల్లో ముగించాల్సిన రోడ్డు ప్రయాణాలు. తర్వాతి మెట్టుగా ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు గంటల మౌంటెన్ బైక్ పోటీల వైపు చూసేసరికి ఎంట్రీ ఫారంలో ‘సోలో’ అనే గడి దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. సోలో అంటే మంచినీళ్ళ సీసా కూడా ఎవరూ అందించకూడదా? రోడ్డు మీద 200 తొక్కినవాళ్ళు గుట్టల్లో ఎంత తొక్కగలరు? ఎక్కువ ప్రాక్టీసు చేసినవాళ్ళే గెలుస్తారా? మూడింటికీ సూటిగా జవాబు చెప్పడం కష్టం, కానీ లెక్క వేసి చూడవచ్చు.

ఒక మాట, మూడు అర్థాలు

ఇరవై నాలుగు గంటల మౌంటెన్ బైక్ పోటీ మొదట జట్ల ఆటగానే పుట్టింది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 1992లో మొదలైన ‘24 అవర్స్ ఆఫ్ కేనాన్’లో నలుగురు వంతులవారీగా చుట్లు తిరిగేవారు. ఒక్కరే తొక్కే విభాగం అసలు లేదు. 1996లో జాన్ స్టామ్‌స్టాడ్ తన పేరునే నాలుగు రకాలుగా రాయించి, నలుగురు సభ్యుల జట్టుగా నమోదు చేసుకుని, అన్ని వంతులూ తానే తొక్కారు. సోలో విభాగాలు వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే.

ఇలాంటి చుట్ల పోటీలో సోలో అంటే సైకిల్ తొక్కేది ఒక్కరే అని అర్థం. పిట్‌లో, అంటే చుట్టు ముగిసినప్పుడు రైడర్ ఆగే చోట, సాయానికి మనుషులు ఉండవచ్చు. సీసాలు నింపుతారు, చైను తుడుస్తారు, లైటు బ్యాటరీ మారుస్తారు, ‘ఇంకో చుట్టు పో’ అని వెన్ను తడతారు. రోడ్డు మీద జరిగే ‘రేస్ అక్రాస్ అమెరికా’లోనూ అంతే. 2017లో దాన్ని సోలోగా ముగించిన తొలి భారతీయుడు లెఫ్టినెంట్ కల్నల్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్. ఆ పోటీలో సోలో రైడర్ వెనక సహాయ బృందం వాహనం సాగుతూనే ఉంటుంది.

ఇందుకు పూర్తిగా ఎదురు కొసన ఉన్నది కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సుమారు 4,400 కిలోమీటర్లు మట్టిబాటల మీద సాగే ‘టూర్ డివైడ్’. అక్కడ అందరికీ సమానంగా దొరికే సాయాన్ని మాత్రమే వాడుకోవాలి. దారిలోని కొట్టులో బిస్కెట్లు కొనుక్కోవచ్చు. స్నేహితుడు దారి పక్కన నిలబడి అవే బిస్కెట్లు అందిస్తే నియమం తప్పినట్టే. వీటి మధ్యలో మారథాన్ పోటీలు ఉన్నాయి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య లెక్కలో వాటి దూరం 60 నుంచి 160 కిలోమీటర్లు. అక్కడ అందరూ ఒంటరిగానే తొక్కుతారు కాబట్టి సోలో అని విడిగా చెప్పరు.

ఫారం నింపేముందు నియమావళిలో చూడాల్సిన మొదటి వాక్యం బయటి సాయం గురించినదే. పిట్ సాయం ఉన్న పోటీకీ లేనిదానికీ వెంట మోసే బరువు వేరు, తిండి లెక్క వేరు, కొన్నిసార్లు సైకిలే వేరు.

రోడ్డు అనుభవం ఎక్కడ ఆగిపోతుంది

తారు రోడ్డు మీద గంటకు 28 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. అందుకే ముందు సైకిల్ వెనక దాక్కుంటే పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ శ్రమ మిగులుతుంది. బీఆర్ఎంలో నలుగురైదుగురు గుంపుగా పోవడంలోని సుఖం ఇదే. గుట్ట బాట మీద వేగం గంటకు 12 కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ వేగంలో గాలి పెద్ద లెక్కలోకి రాదు. ఎక్కుడు, నేల పట్టు, రాయి రాయికీ తగ్గి మళ్ళీ పుంజుకునే వేగం, ఇవే శక్తిని తినేస్తాయి. తోడు ఉన్నా శ్రమ పెద్దగా తగ్గదు, లేకున్నా పెద్దగా పెరగదు.

సోలో రైడర్‌కు నిజమైన లోటు ఇంకో చోట ఉంది. నలుగురి జట్టులో ఒక్కొక్కరూ మూడు చుట్లు విశ్రాంతి తీసుకుని నాలుగోది తాజాగా తొక్కుతారు. సోలోకు ఆ విరామం ఉండదు, పదో చుట్టు కూడా మొదటి చుట్టు తొక్కిన కాళ్ళతోనే తొక్కాలి.

ఇక్కడి నేల తీరు కూడా గమనించాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు దక్కన్ పీఠభూమి మీదివి. చుట్టూ గ్రానైట్ గుట్టలు, గుండ్లు, చెలక భూములు. హిమాచల్‌లో లాగా గంటల తరబడి సాగే ఎక్కుళ్ళు ఉండవు. వంద మీటర్లు లేచి మళ్ళీ దిగిపోయే పొట్టి ఎక్కుళ్ళే ఎక్కువ. చూడటానికి తేలిక. కానీ 12 కిలోమీటర్ల చుట్టులో అలాంటివి రెండుంటే పది చుట్లకు 2,000 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. మనిషి, సైకిల్, నీళ్ళు కలిపి 85 కిలోలనుకుంటే ఆ ఎత్తు ఎక్కడానికే సుమారు 1,700 కేలరీలు కరుగుతాయి. మిగతా దారి ఖర్చు దీనికి అదనం.

పొట్టి ఎక్కుడులో ఇంకో మోసం ఉంది. ‘ఇంతే కదా’ అని రైడర్ లేచి నిలబడి బలంగా తొక్కేస్తారు. ఆ నిమిషంలో కండరాల్లోని గ్లైకోజెన్ కొవ్వు కంటే ఎన్నో రెట్లు వేగంగా ఖర్చవుతుంది. అనుభవం ఉన్న సోలో రైడర్లు నిటారు చోట్ల సైకిల్ దిగి నడవడం అందుకే. వంద మీటర్ల ముక్కను గంటకు 6 కిలోమీటర్ల వేగంతో తొక్కితే నిమిషం, 4 కిలోమీటర్ల వేగంతో నడిస్తే నిమిషంన్నర. పోయేది అర నిమిషం, కాళ్ళు మిగులుతాయి. దిగి నడవడాన్ని ఓటమిగా చూసే అలవాటు కొత్తవాళ్ళకు చాలా నష్టం చేస్తోంది.

ఎండాకాలంలో పరుపు బండ మీద టైరు గట్టిగా పట్టుకుంటుంది. గట్టి నేల మీద పరుచుకున్న మొరం మాత్రం గోళీల మీద నడిచినట్టే జారుతుంది. దుబ్బలో ముందు చక్రం కూరుకుపోతుంది. వానాకాలంలో పరుపు బండ మీద నాచు కడుతుంది. ఇక నల్లరేగడి తగిలితే చక్రానికీ ఫోర్కుకూ మధ్య మట్టి ముద్దకట్టి సైకిల్‌ను భుజాన మోయాల్సి వస్తుంది.

ఆగిన నిమిషాల లెక్క

ఈ ఆటలో అందరూ తక్కువగా అంచనా వేసేది ఆగిన సమయాన్నే. చుట్ల పోటీలో ఎక్కువ చుట్లు తిరిగినవారే విజేత. చుట్లు సమానమైతే చివరి చుట్టు ముందు ముగించినవారిది పైచేయి. ఒక ఉదాహరణ తీసుకుంటే, 12 కిలోమీటర్ల చుట్టును ఒక రైడర్ సరిగ్గా గంటలో తొక్కుతున్నారనుకుందాం. చుట్టు చుట్టుకూ పిట్‌లో పది నిమిషాలు గడిపితే ఒక చుట్టుకు 70 నిమిషాలు. ఇరవై నాలుగు గంటల్లో 20 చుట్లు పూర్తవుతాయి. పది నిమిషాలను నాలుగుకు తగ్గిస్తే చుట్టుకు 64 నిమిషాలు. అదే కాళ్ళతో, అదే సైకిల్‌తో 22 చుట్లు.

ఇప్పుడు తిరగేసి చూస్తే, పది నిమిషాలు ఆగుతూనే 22 చుట్లు చేయాలంటే గంట చుట్టును యాభై అయిదున్నర నిమిషాల్లో తొక్కాలి. అంటే ఇరవై నాలుగు గంటలూ ఎనిమిది శాతం అదనపు వేగం. అంత మెరుగుదల రావాలంటే నెలల తరబడి కష్టపడాలి. ఆరు నిమిషాలు మిగుల్చుకోవడానికి కావలసింది మాత్రం ఒక బల్ల, దాని మీద వరుసగా పెట్టిన సీసాలు, ఏ చుట్టుకు ఏమి తీసుకోవాలో రాసిన కాగితం.

పిట్‌లో పది నిమిషాలు ఎలా పోతాయో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. సైకిల్ ఆపి హెల్మెట్ తీస్తారు. కుర్చీ కనిపిస్తుంది, కూర్చుంటారు. ‘ఏం తింటవ్?’ అని అడుగుతారు. ఆ సమయంలో రైడర్‌కు ఏదీ తినబుద్ధి కాదు. ‘ఏమున్నది?’ అని తిరిగి అడుగుతారు. సంచీ విప్పుతారు. అప్పటికే నాలుగు నిమిషాలు. చెయిన్‌కు ఆయిల్ ఎక్కడుందో వెతుకుతారు. ఇందులో ఏ ఒక్కటీ బద్ధకం కాదు, అలసిన మెదడు నిర్ణయాలు తీసుకోలేకపోవడం. పిట్‌లో ఉండేవాళ్ళు అడగకుండా చేతిలో పెట్టడమే ఇందుకు మందు. కుర్చీ కనిపించకుండా దాచేసే బృందాలు కూడా ఉంటాయి, అది మొరటుతనం కాదు, మంచి ఆలోచనే.

కడుపు ఒప్పుకున్నంతే

సగటున 130 వాట్ల శ్రమతో తొక్కే రైడర్‌కు గంటకు దాదాపు 470 కేలరీలు ఖర్చవుతాయి. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగు గంటకు 60 గ్రాముల దాకానే లోపలికి తీసుకోగలదు. దానికి ఫ్రక్టోజ్ కలిస్తే 90 గ్రాముల దాకా పోవచ్చు, అదీ అలవాటు చేసుకున్న కడుపు అయితేనే. 60 గ్రాములంటే 240 కేలరీలు. గంట గంటకూ 230 కేలరీల లోటు పడుతూనే ఉంటుంది. ఈ లోటును పూడ్చేది కొవ్వు, కండరాల్లోనూ కాలేయంలోనూ ఉన్న గ్లైకోజెన్. ఆ గ్లైకోజెన్ నిల్వ మొత్తం కలిపి దాదాపు 2,000 కేలరీలే. వేగం తగ్గిస్తే కొవ్వు వాటా పెరుగుతుంది, నిల్వ ఎక్కువసేపు నిలుస్తుంది. మొదటి మూడు గంటల్లో ఉత్సాహంగా తొక్కి పదో గంటలో కూలబడటం వెనక ఉన్న లెక్క ఇదే.

ఎండలో ఇది ఇంకా బిగుస్తుంది. చర్మాన్ని చల్లబరచడానికి రక్తం బయటి వైపు మళ్ళుతుంది, కడుపుకు అందే రక్తం తగ్గుతుంది. తిన్నది అరగక వాంతి వస్తుంది. ‘తినలేకపోయా’ అని పోటీ వదిలేసేవాళ్ళలో చాలామంది అసలు సమస్య తిండి కాదు, ఒంటి వేడి. నెత్తి మీద నీళ్ళు పోసుకుని వేగం తగ్గిస్తే కడుపు మళ్ళీ దారికి వస్తుంది.

తిండి కోసం ఖరీదైన ఎనర్జీ జెల్‌లే కావాలని ఏమీ లేదు. ఒక అరటిపండులో 25 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఉప్పు వేసిన పెరుగన్నం రాత్రిపూట బాగా దిగుతుంది. పల్లిపట్టి రుచిగానే ఉంటుంది, అయితే పల్లీల్లో కొవ్వు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది, గట్టి ఎక్కుడుకు ముందు పనికిరాదు. జొన్నరొట్టెకు పీచుతో అదే ఇబ్బంది. పోటీ ముందు రోజు మధ్యాహ్నానికి అది మంచి తిండి, పోటీ మధ్యలో కాదు.

ఓఆర్ఎస్ గురించి ఒక అపోహ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన పొట్లంలో లీటరు నీళ్ళకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. చెమటతో పోయిన ఉప్పును అది బాగానే పూడుస్తుంది. కానీ 13.5 గ్రాముల గ్లూకోజ్ అంటే గంటకు కావలసిన దాంట్లో పావు వంతు కూడా కాదు. ఓఆర్ఎస్ తాగుతూ తిండి మానేస్తే ఆకలితో కాళ్ళు ఆగిపోతాయి. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగడం ఇంకా ప్రమాదం. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. చూసేవాళ్ళు దాన్ని నీళ్ళు చాలలేదనుకుని మళ్ళీ నీళ్ళే తాగిస్తారు.

అన్నింటికంటే గట్టిగా చెప్పాల్సింది నొప్పి మాత్రల సంగతి. మోకాలు పీకుతోందని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని తొక్కడం అలవాటుగా మారుతోంది. ఒంట్లో నీరు తగ్గి, కండరాలు దెబ్బతింటున్న సమయంలో ఈ మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఒక పోటీ కోసం కిడ్నీలను పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా తగదు.

పల్లేరుకాయ

ఈ ప్రాంతంలో టైరుకు అసలు శత్రువు రాయి కాదు, పల్లేరుకాయ. వానలకు నేల మీద తీగలా పాకి, పసుపు పువ్వు పూసి, చలికాలానికి ఎండి, ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు గట్టి ముళ్ళుంటాయి. నేల మీద ఎలా పడినా ఒకటి పైకి లేచే ఉంటుంది. ఎండిన పల్లేరు బాట మీద పరుచుకునే నెలలూ, సైకిల్ పోటీలకు వాతావరణం అనువైన నెలలూ ఒకటే కావడం ఇక్కడి రైడర్ల కర్మ. దీనికి తోడు పొలం గెట్ల మీద కంచెగా వేసిన సర్కారు తుమ్మ కంప. దాని ముల్లు పొడవు, టైరు పక్కగోడలో దిగుతుంది.

ట్యూబు ఉన్న టైరుతో ఇలాంటి చోట సోలో పోటీకి దిగడం అంటే ప్రతి ముల్లుకూ పది నిమిషాలు కట్టుకోవడమే. ట్యూబ్‌లెస్ టైరులో పోసే తెల్లటి సీలెంట్ ఆ లెక్క మార్చేసింది. ముల్లు దిగిన చోట బుస్సుమని నురగ వస్తుంది, చక్రం నాలుగు తిప్పులు తిరిగేసరికి గడ్డకట్టి మూసుకుంటుంది. ముల్లు దిగి ఉన్నా గాలి పోకపోతే పిట్ దాకా దాన్ని పీకకపోవడమే మేలు. పక్కగోడ చీలికకు మాత్రం సీలెంట్ చాలదు, చీలికను మూసే ప్లగ్ దూర్చాలి. ఇక్కడి వేడికి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది. ఎప్పుడో వేసవిలో పోసిన సీలెంట్‌ను నమ్ముకుని డిసెంబర్ పోటీకి వచ్చినవాళ్ళకు టైరు విప్పితే లోపల రబ్బరు పొరలు తప్ప ఏమీ కనిపించవు.

రాత్రి రెండు దాటాక

డిసెంబర్‌లో ఇక్కడ పొద్దు సాయంత్రం అయిదు నలభై ప్రాంతంలో గుంకి, ఉదయం ఆరున్నర దాటాక గానీ పొడవదు. ఇరవై నాలుగు గంటల పోటీలో దాదాపు పదమూడు గంటలు చీకటే. స్కాట్లాండ్‌లో జనవరిలో జరిగే ‘స్ట్రాత్‌పఫర్’లో అది పదిహేడు గంటలు. చీకట్లో వేగం తగ్గుతుంది కాబట్టి పగటి చుట్టు సమయంతో వేసిన ప్రణాళిక అర్ధరాత్రికల్లా తప్పుతుంది.

తెల్లవారుజామున మూడు, అయిదు మధ్య ఒంటి ఉష్ణోగ్రత అడుగుకు దిగుతుంది, మెదడు నిద్రను గట్టిగా కోరుతుంది. కళ్ళు తెరిచే ఉన్నా రెండు మూడు సెకన్లు నిద్రలోకి జారిపోవడం అప్పుడే జరుగుతుంది. నిద్రలేమి నిర్ణయాలను ఏం చేస్తుందో చూపించిన సంఘటన ఒకటి సైక్లింగ్ లోకంలో బాగా ప్రసిద్ధం. అది రోడ్డు పోటీయే అయినా సాయం లేని సోలో. 2016లో అమెరికాను అడ్డంగా దాటే ‘ట్రాన్స్ ఆమ్’లో చివరి దశలో ముందున్న స్టెఫెన్ స్ట్రైక్ కాసేపు పడుకుని లేచి, వచ్చిన దారినే వెనక్కి తొక్కడం మొదలుపెట్టారు. వెనక వస్తున్న లేల్ విల్కాక్స్‌కు ఎదురయ్యాకే సంగతి తెలిసింది. ఆ పోటీని పురుషులతో కలిపి మొత్తం మీద గెలిచింది విల్కాక్స్.

పదిహేను ఇరవై నిమిషాల కునుకు ఇక్కడ నష్టం కాదు. పైన చెప్పిన ఆగిన నిమిషాల లెక్కకు ఇదొక్కటే మినహాయింపు. తూలుతూ తొక్కే చుట్టుకు అదనంగా పోయేది ఇరవై నిమిషాల కంటే ఎక్కువే, దిగుడులో పడితే పోటీయే పోతుంది.

పోటీ ఎక్కడ పెట్టాలి

దక్షిణ తెలంగాణలో మౌంటెన్ బైక్ అనగానే అందరి కళ్ళూ నల్లమల మీదికి పోతాయి. కానీ మన్ననూరు దాటాక ఉన్నది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి పోకూడదు. శ్రీశైలం రహదారి మీదే రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను ఆపేస్తారు. పులి, చిరుత, ఎలుగుబంటి తిరిగే చోట రాత్రంతా లైట్లతో మనుషులను తిప్పాలనుకోవడం సరికాదు. ఇరవై నాలుగు గంటల పోటీకి అక్కడ చోటు లేదు, ఉండకూడదు.

ఎండాకాలమూ కుదరదు. మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. మిగిలేది నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉన్న కాలం. అప్పుడు అడవి హద్దుకు బయట, ఊరి చెరువునూ పక్క గుట్టనూ కలుపుతూ బండ్ల బాటల మీద ఎనిమిది, పది కిలోమీటర్ల చుట్టు వేస్తే చాలా సమస్యలు తీరుతాయి. రైడర్ ఎక్కడ పడినా పిట్ నాలుగైదు కిలోమీటర్ల లోపే ఉంటుంది. దారిలో అయిదారు చోట్ల మనుషులను నిలబెడితే సరిపోతుంది. వంద కిలోమీటర్ల ఒకే దారి పెట్టినప్పుడు ఇది కుదరదు.

చుట్టు పొట్టిదైతే ఊరికీ మేలే. బాట ఏ పొలాల గుండా పోతుందో ఆ రైతులను ముందే అడగవచ్చు. తండాలో కుక్కలను ఆ రాత్రికి కట్టేయమని చెప్పవచ్చు. మేకలు, బర్లు ఏ వేళకు బాట దాటుతాయో తెలుసుకుని ఆ చోట కాపలా పెట్టవచ్చు. పిట్‌లో అన్నం వండేవాళ్ళు ఆ ఊరివాళ్ళే అయితే పోటీ డబ్బులో కొంత అక్కడే మిగులుతుంది.

నిర్వాహకులు చాలాసార్లు మరిచిపోయేది పాముకాటు. కట్లపాము, రక్తపింజర రాత్రి తిరిగేవే, వెచ్చదనం కోసం బాట మీదికి వస్తాయి. సైకిల్ దిగి నడిచేది, పొద తగిలి పడేది రాత్రి వేళే. విషానికి విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉందో, ఆ రాత్రి డ్యూటీలో డాక్టర్ ఉంటారో లేదో పోటీకి వారం ముందే వెళ్ళి కనుక్కోవాలి. అక్కడికి అంబులెన్స్ ఎన్ని నిమిషాల్లో చేరుతుందో ఒకసారి రాత్రిపూట నడిపించి చూడాలి. ఆ నిమిషాలను రైడర్లందరికీ ఇచ్చే కాగితంలో, చుట్టు పొడవు పక్కనే అచ్చువేయాలి.